తుత్తునాగము - వరిపైరు

మన యిండ్లలోని యిత్తడి బిందెయందు రాగితో గలసియున్న లోహము తుత్తునాగము. దీనినే యశదమనియు, జింకనియు నందురు. ఇది వేడికి త్వరగా ఆవిరియైపోవును గనుక ఖనిజమునుండి తీయుట కష్టము. ఐనను రాజస్థానమునందు ఉదయపురము చేరువనున్న జావరు గనులయొద్ద మన దేశపు పనివారు ఆ యావిరిని మట్టిపాత్రలలో చల్లార్చి, ఐరోపావారికంటె శతాబ్దములకు ముందే యీ లోహమును రాబట్టిరి.

ఇనుపరేకులు, బక్కెట్లు తుప్పు పట్టకుండ వేయు పూత యిదియే. దీని భస్మము రంగులలోను, చర్మపు లేపనములలోను, రబ్బరు పనిలోను ఉపయోగపడును. భాస్వరముతో గూడిన నల్లనిపొడి, జింకు ఫాస్ఫైడు, ఎలుకలమందు. అది కడుపులో విషవాయువును పుట్టించును. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. కావున దానిని ఎరువుల సంచులచెంత నెన్నడును ఉంచరాదు. పూర్వులు పాలతుత్తమని పిలిచిన తెల్లని లవణము జింకు సల్ఫేటు. రైతునకు ముఖ్యముగా కావలసినది యిదియే.

వరిపైరునకు జింకు కావలసినది అత్యల్పము. కాని ఆ యల్పము లేనిచో పైరు సాగదు. ఉత్తరదేశపు తెరాయి భూములలో ‘ఖైరా’ యను వరిజాడ్యము సూక్ష్మజీవులవలన గాక జింకు లోపమువలన గలుగుచున్నదని పంతనగరు విశ్వవిద్యాలయమునందలి డాక్టరు వై. ఎల్. నేనె 1966లో తెలిపిరి. బందరు, గుడివాడ ప్రాంతముల నల్లరేగడి నేలలందును, దివిసీమ చౌడు భూములందును ఈ లోపమునకు కారణములు గలవు. క్షారగుణము గల నేలలో ఎడతెగక నీరు నిలిచినపుడు, జింకు ఉన్నను కరుగని రూపమున చిక్కుకొనును; వేరు దానిని పీల్చుకొనజాలదు.

నాటిన రెండు మొదలు నాలుగు వారములలో ముదురాకుల చివరలందును, నడియీనెకు ఇరుప్రక్కలను తుప్పువన్నె మచ్చలు కనబడును. ఆకులు చిన్నవై, పెళుసెక్కి, వంచినంతనే విరుగును. పైరు గిడసబారి పిలకలు వేయదు. యూరియా చల్లినను పచ్చబడదు. ఇది గుర్తింపలేక తెగులని తలంచి, రైతు అప్పు తెచ్చి మందుమీద మందు కొట్టును. డబ్బును పోవును, అదనును పోవును.

నివారణ సులభము. మూడు పంటల కొకసారి ఆఖరి దమ్ములో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయవలెను. నిలిచియున్న పైరునందు లోపము కనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, 5 దినముల కొకసారి రెండు మూడు మారులు పిచికారి చేయవలెను. అందులో పురుగుమందులు కలుపరాదు. భాస్వరపు టెరువులకును దీనికిని కనీసము మూడు దినముల యెడముండవలెను.

ఆ యెడమేల యనువారు ఒక పరీక్ష చేసి చూడవచ్చును. ఒక గాజుగ్లాసులో డి.ఏ.పి.ని, మరియొకదానిలో జింకు సల్ఫేటును నీట కరిగించి, తేరిన పిదప రెంటిని కలుపుడు. విరిగిన పాలవలె తరకలు కట్టును. చేనిలో జరుగునదియు నిదియే: జింకు భాస్వరముతో గూడి పైరునకు దక్కకపోవును. తరకలు కట్టనిచో సంచిలోనిది జింకు సల్ఫేటు కాదనియు, చవుకయగు మెగ్నీషియము సల్ఫేటు కావచ్చుననియు అనుమానింపవలెను. కొంత కల్తీ చేసిన సరకు ఈ పరీక్షకు దొరకదు. దానిని ప్రయోగశాలకే పంపవలెను.

కొనునపుడు సంచిపై జింకు నూటికి 21 పాళ్లో, 33 పాళ్లో చూచుకొనుడు. పైన చెప్పిన 20 కిలోలు 21 పాళ్ల దానికి లెక్క. రసీదును పంట చేతికివచ్చువరకు భద్రపరచుడు. సభ్యులు ఒక్కుమ్మడిగా సంఘము ద్వారా తెప్పించుకొని, వచ్చిన సరకులో నమూనా తీసి పరీక్షింపించినచో, ఒకని మోసము పదిమంది చేలను పాడుచేయకుండ కాపాడుకొనగలుగుదురు.