అడవికోడి గణన – లేత అడవి యాజమాన్యం

హనుమకొండకు ఈశాన్యాన గల ఏటూరునాగారం అడవులను 1953లో నాటి హైదరాబాద్ ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చినప్పటికీ అడవికోడికి ఉచ్చుల బెడద తీరలేదు. అయితే ఉచ్చు ఒక్కటే కారణం కాదు. ఈ పక్షి మనుగడ చెట్ల ఎత్తుకన్నా నేలనంటిన పొదలపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. పిల్లలకు చెదలు, పురుగులు కావాలి. డేగ కంటబడకుండా దాగే చోటు కావాలి. కొమ్మలు కమ్ముకుపోయిన టేకు తోటలో ఇవి కొరవడతాయి. మోళ్ల నుండి చిగిర్చే లేత అడవిలో, వెదురు పొదల అంచుల్లో లభిస్తాయి. కావున అభయారణ్యం వెలుపలి తోటలను ఒకేసారి గాక, చిన్న చిన్న ఖండాలుగా వేర్వేరు సంవత్సరాల్లో నరికి చిగిర్పించడం మేలు. గూడు నేలమీదనే ఉంటుంది గనుక వేసవి కార్చిచ్చును అరికట్టనిదే ఈ శ్రమ నిష్ఫలం.

గణనకు వేకువ పుంజుకూతలే ఆధారం. ఏటా అవే స్థలాల్లో, అవే తేదీల్లో, అంతే వ్యవధిలో లెక్కించాలి. పల్లెల చేరువలో నాటుకోడి కూత కలిసిపోతుంది. కొత్త పరిశీలకులు తరచు పొరబడేది ఇక్కడే. మరొక పొరపాటు సులభంగా కానరాదు. నరికిన చోట శబ్దం ఎక్కువ దూరం ప్రసరించడం వల్ల కోళ్లు పెరగకున్నా కూతలు పెరిగినట్లు తోస్తుంది. అందుచేత నరకని అడవిలోనూ సమాంతరంగా లెక్కింపు జరిపి, ప్రతి కూత ఎంత దూరం నుండి వచ్చిందో అంచనా వేసి నమోదు చేయాలి. పెట్ట వెంట కనిపించిన పిల్లల సంఖ్యను వేరుగా వ్రాసుకోవాలి. పుంజుకూత ఆ సంగతి తెలుపదు.