బరువు పెరగడం మన తప్పేనా?

చుట్టూ సముద్రం, చేపలు, కొబ్బరి. అయినా అండమాన్ నికోబార్ దీవుల్లో 15–49 ఏళ్ల పురుషుల్లో సుమారు 45 శాతం మంది అధిక బరువుతో ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దేశ సగటు 23 శాతమే. ఇంతమందికీ ఒకేసారి నోరు అదుపు తప్పిందా?

అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2019లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా శుద్ధిచేసిన ఆహారం, రెండు వారాలు తాజాగా వండిన ఆహారం పెట్టారు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానం. ఎంత తినాలో వాళ్ల ఇష్టం. ఫ్యాక్టరీ ఆహారం పెట్టినప్పుడు రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. బరువు సగటున 0.9 కిలో పెరిగింది. ఆ ఆహారాన్ని వాళ్లు వేగంగా తిన్నారు కూడా. కడుపు నిండిన కబురు మెదడుకు చేరేలోపే పళ్లెం ఖాళీ!

నికోబారీలు తరతరాలుగా కొబ్బరి, దుంపలు, చేపలు తిన్నవారు. 2004 సునామీ వారి కొబ్బరి తోటలను దెబ్బతీశాక బయటి సరుకులపై ఆధారపడక తప్పలేదు. అంటే, మారింది మనుషుల మనోబలం కాదు, అందుబాటులో ఉన్న తిండి.

300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 32 గ్రాముల చక్కెర ఉంటుంది. అన్నే కొబ్బరి నీళ్లలో అందులో సగం కూడా ఉండదు. దుకాణంలో ముందు వరుసలో ఏది కనిపిస్తోందో ఈసారి గమనించండి.