మానుపిల్లి

వనపర్తి జిల్లాయందలి గోపాల్‌పేట వంటి పల్లెలలో సాయంకాలము ఈతచెట్టునకు కట్టిన కల్లులొట్టి తెల్లవారునప్పటికి వెలితిపడియుండుట కలదు. పగలెల్ల చెట్టుతొఱ్ఱలోనో, ఇంటి యటుకమీదనో ముడుచుకొని నిద్రించి, చీకటి పడిన పిమ్మట వెలువడు మానుపిల్లి చేయు పని యది.

పేరునకు పిల్లియే గాని యిది పిల్లి కాదు, పునుగుపిల్లి కుటుంబములోనిది. కోట్లకొలది యేండ్లకు పూర్వము పిల్లులకును దీనికిని మూలజంతువు ఒక్కటే. తరువాత దారులు చీలినవి. పిల్లి కేవల మాంసాహారి యయ్యెను. దాని దంతములు 30 మాత్రమే. వానిలో నమలుటకు పనికివచ్చునవి లేవనియే చెప్పవచ్చును. దాని నాలుకకు తీపియు తెలియదు. తీపి నెఱుగుటకు వలయు జన్యువు పిల్లులలో చెడిపోయినదని శాస్త్రజ్ఞులు 2005లో వెల్లడించిరి. పాలగిన్నెను నాకు పిల్లిని చూచిన వారి కిది నమ్మశక్యము కాదు!

మానుపిల్లికో, 40 దంతములు. అది ఎలుకను పట్టును, పురుగును తినును, పండును నమలును, తీయని కల్లు దొరకినచో విడువదు. చెట్టెక్కుటలోను, రాత్రి తిరుగుటలోను పూర్వుల నడవడిని చాలవఱకు నిలుపుకొన్నది.

కల్లు గీయువానికి దీనిపై కోపము వచ్చుట సహజము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనికి రక్షణ కల్పించినది గాని, కోపమున విసరిన రాయి చట్టము నడుగదు. అయితే మానుపిల్లి మ్రింగిన ఈతపండ్ల గింజలు కడుపులో చెడవు. మలముతో దూరపు గట్లమీద పడి, వానకు మొలకెత్తును. అతని మనుమడు గీయబోవు చెట్టును నాటినది ఆ దొంగయే కావచ్చును.