తక్కువ దుడ్డుతో గట్టి కట్ట

పేకాట అన్న మాట చెవిన పడగానే మన పెద్దలు మొహం చిట్లిస్తారు. వారిని తప్పు పట్టనక్కర లేదు. ముక్కల మీద చేలు పోగొట్టుకున్న సంసారాల కథలు మన సీమ పల్లెల్లో ప్రతి రచ్చబండకూ తెలుసు. అయితే ఈ వ్యాసంలో చెప్పబోయేది పందెపు పేక గురించి కాదు. ఎవరి కార్డుల కట్టను వారే కూర్చుకుని, మిత్రులతో కార్డులు మార్చుకుంటూ ఆడే కొత్త రకపు ఆట గురించి. దీనిని ట్రేడింగ్ కార్డ్ గేమ్ అంటారు. కాలేజీ హాస్టళ్ళలో అక్కడక్కడ ఈ ఆట కనబడుతున్నది. దాని ధర విని, "ఏందప్పా, అట్టముక్కకు ఇంత దుడ్డా?" అని వెనక్కి తగ్గే విద్యార్థులే ఎక్కువ. అటువంటి వారి కోసమే ఈ చిన్న పాఠం.

ఆమడగూరు పేరులోనే ఆమడ ఉన్నది. ఈ కార్డులమ్మే దుకాణం మాత్రం ఆ ఊరి విద్యార్థికి ఎన్నో ఆమడల దూరం. బెంగళూరుకు పోవాలి, లేదా తపాలాలో తెప్పించుకోవాలి. కాబట్టి మనవాడు తప్పుడు కార్డు కొంటే మార్చుకోవడం కూడా సులువు కాదు. అందుకే కొనే ముందే లెక్క వేసుకోవాలి.

1. దర్బారు కట్ట, బజారు కట్ట

కార్డుల ఆట మన దేశానికి కొత్తది కాదు. బాబరు తన ఆత్మకథలో 1527లో ఒక మిత్రునికి గంజీఫా కార్డులు పంపినట్లు రాసుకున్నాడు. గుండ్రని కార్డులతో ఆడే ఈ ఆట మన తెలుగు నేలకూ వచ్చింది. నేటి నంద్యాల జిల్లాలోని నొస్సం గ్రామం గంజీఫా కార్డులు చిత్రించడంలో పేరు పొందింది. దశావతార గంజీఫాలో 10 రంగులు, రంగుకు 12 కార్డులు, వెరసి 120 కార్డులు గలవు.

ఇందులో మనకు కావలసిన సంగతి ఒకటున్నది. రాజులు ఏనుగు దంతంతోనూ, తాబేటి చిప్పతోనూ చేయించుకున్న ఖరీదైన కట్టలను దర్బార్ కలం అన్నారు. సామాన్యులు కొనుక్కునే చవక కట్టలను బజార్ కలం అన్నారు. దంతపు కట్టలోనూ ఆ 120 కార్డులే, బజారు కట్టలోనూ ఆ 120 కార్డులే! కట్టను కలిపి అందరికీ పంచుతారు గనుక, ఆడేచోట రాజుకూ రైతుకూ తేడా లేదు. దుడ్డు కార్డు అందాన్ని మార్చిందేగాని బలాన్ని మార్చలేదు.

ట్రేడింగ్ కార్డుల ఆటలో ఈ సమత్వం తప్పిపోయింది. ఇక్కడ ఎవరి కట్ట వారిది. ఎక్కువ కొనగలిగినవానికి ఎంచుకునే వీలు ఎక్కువ. ఈ తేడాను తెలివితో, మిత్రుల మధ్య ఒప్పందంతో ఎంతవరకు పూడ్చవచ్చుననేదే మన ముందున్న ప్రశ్న.

2. ఆట స్వరూపం

ఈ తరహా ఆటలకు ఆద్యమైనది మ్యాజిక్: ది గ్యాదరింగ్. అమెరికాలో గణితశాస్త్రంలో డాక్టరేటు పొందిన రిచర్డ్ గార్ఫీల్డ్ దీనిని రూపొందించగా, విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 1993లో విడుదల చేసింది. ఆ తర్వాత 1996లో జపానులో పోకెమాన్ కార్డులు, 1999లో యు-గి-ఓ కార్డులు వచ్చాయి. మన దేశంలో 1990లలో బడిపిల్లలు కుస్తీ వీరుల బొమ్మలున్న ట్రంప్ కార్డులు ఆడేవారు. అంతకు ముందు తరంవారు అగ్గిపెట్టె బొమ్మలు పోగుచేసి మార్చుకునేవారు. ఈ ఆట కూడా ఆ వంశంలోనిదే.

మ్యాజిక్ ఆటనే ఉదాహరణగా తీసుకుందాం. ఆటగాళ్ళు ఇద్దరు. ఒక్కొక్కరికి 20 ప్రాణాంకాలు. కట్టలో కనీసం 60 కార్డులుండాలి. మొదట 7 కార్డులు చేతికి తీసుకుని, ఆ తర్వాత వంతుకొక కార్డు తీస్తారు. కార్డులు ముఖ్యంగా రెండు తెగలు. మొదటివి భూమి కార్డులు. వీటిని వంతుకొకటి చొప్పున పరుస్తారు. ఒక్కో భూమి వంతుకు ఒక మానా, అనగా ఒక పాలు శక్తి ఇస్తుంది. రెండవవి ఆ శక్తిని ఖర్చుపెట్టి దించే జీవులు, మంత్రాలు. జీవులతో ఎదుటివాని మీద దాడి చేసి, అతని ప్రాణాంకాలను సున్నాకు తెచ్చినవాడు గెలుస్తాడు. మామూలు భూమి కార్డులు తప్ప మరే కార్డయినా 4 ప్రతులకు మించి ఉండరాదు.

పోకెమాన్‌లోనూ 60 కార్డులు, ఒకే పేరుగలవి 4 ప్రతులు. యు-గి-ఓలో ముఖ్యమైన కట్టకు 40 నుంచి 60 కార్డులు, ప్రతులు 3. కాబట్టి ఇక్కడ నేర్చుకున్న సూత్రాలు కొద్ది మార్పులతో అక్కడా పనికివస్తాయి.

3. ప్యాకెట్టు ఒక లాటరీ

దుకాణంలో ఈ కార్డులు మూసిన ప్యాకెట్లలో దొరుకుతాయి. లోపలేమున్నదో చింపితేగాని తెలియదు. చాలా ఏళ్ళపాటు ఒక ప్యాకెట్టులో 15 కార్డులుండేవి. వాటిలో కామన్ అనే సామాన్యపు కార్డులు 11, అన్‌కామన్ అనే మధ్యతరగతివి 3, రేర్ అనే అరుదైనది 1. ఇటీవల ఈ కూర్పు మారినా పద్ధతి అదే. అరుదైనది తగులుతుందన్న ఆశే మనచేత రెండో ప్యాకెట్టు కొనిపిస్తుంది. రెండోది మూడోదాన్ని కొనిపిస్తుంది. ఇదేగదా లాటరీ టిక్కెట్టు చేసే పని!

కాబట్టి మొదటి సూత్రం: కట్ట కూర్చడానికి ప్యాకెట్లు కొనవద్దు. కావలసిన కార్డును పేరు పెట్టి విడిగా కొనాలి. అంతకన్నా ముందు, ప్యాకెట్లు చింపే సీనియర్లను అడగాలి. అరుదైన ఒక్క కార్డు తీసుకుని, తక్కిన కామన్ కార్డులను అట్టపెట్టెలో పడవేసే వారుంటారు. "అన్నా, మీకు అక్కరలేనివి నాకియ్యండి" అని అడగడానికి సిగ్గుపడనక్కర లేదు. మంచి కట్టకు కావలసిన సరుకులో ముప్పాతిక భాగం ఆ పెట్టెలోనే ఉంటుంది.

రెండవ సూత్రం: ఒకే రంగుతో మొదలుపెట్టాలి. మ్యాజిక్‌లో 5 రంగులున్నాయి. రెండు మూడు రంగులు కలిపితే, రెండు రంగుల శక్తినీ ఇచ్చే ప్రత్యేక భూములు కావాలి. వాటిలో మేలైనవి ఖరీదు. ఒకే రంగయితే మామూలు భూములు చాలు. అవి దాదాపు ఉచితంగానే దొరుకుతాయి.

4. లెక్కకు దుడ్డు పెట్టనక్కర లేదు

కార్డుల ఆటలో అదృష్టమెంత, నేర్పు ఎంత అన్నది పాత చర్చ. రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని, పడిన ముక్కలు గుర్తుంచుకోవడానికీ, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడానికీ నైపుణ్యం కావాలని సుప్రీంకోర్టు 1960ల చివర ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే చెప్పింది. మన ఆటలో ఆ నేర్పు కట్ట కూర్చేటప్పుడే మొదలవుతుంది. ఇంటర్మీడియట్‌లో చదివిన సంభావ్యత ఇందుకు చాలు.

60 కార్డుల కట్టలో ఒక కార్డు ఒక్క ప్రతి ఉంటే, మొదటి 7 కార్డుల్లో అది వచ్చే అవకాశం 60లో 7, అనగా నూటికి సుమారు 12. అదే కార్డు 4 ప్రతులుంటే, కనీసం ఒకటైనా వచ్చే అవకాశం నూటికి 40. ఒకే పని చేసే రెండు కార్డులు, నాలుగేసి చొప్పున 8 ఉంటే నూటికి 65.

దీనిని బట్టి తేలేదేమి? వేల రూపాయల కార్డు ఒకటి కట్టలో ఉన్నా, ఎనిమిదింట ఏడు ఆటల్లో అది మొదటి చేతికి రానే రాదు. చవక కార్డు నాలుగు ప్రతులుంటే ఐదింట రెండు ఆటల్లో చేతిలో ఉంటుంది. కొత్తవారు "ఇదీ బాగుంది, అదీ బాగుంది" అని కట్టను 80 కార్డులకు పెంచుతారు. అప్పుడు ఆ నాలుగు ప్రతుల కార్డు వచ్చే అవకాశం 40 నుంచి 31కి పడిపోతుంది. కాబట్టి 60కి ఒక్కటి కూడా మించరాదు.

ఇక భూములు. 60లో 24 భూములుంటే, మొదటి చేతిలో రెండు, మూడు లేక నాలుగు భూములు వచ్చే అవకాశం నూటికి 77. అవి తక్కువైతే శక్తి లేక ఆట మొదట్లోనే ఆగిపోతుంది. ఎక్కువైతే భూములే మిగిలి, దించడానికేమీ ఉండదు. నీరున్నా విత్తనం లేని చేను, విత్తనమున్నా నీరు లేని చేను రెండూ ఒక్కటేనని మన ప్రాంతం వారికి వేరే చెప్పాలా?

5. ఒక నమూనా కట్ట

60లో 24 భూములు పోగా మిగిలేది 36. అనగా 9 రకాలు, రకానికి 4 ప్రతులు. కొత్తవారికి ఇంతకన్నా సులువైన కొలత లేదు. అన్నీ కామన్ కార్డులతో, ఆకుపచ్చ రంగులో ఒక కట్ట ఇస్తున్నాను. భూములు 24 అడవులు. తక్కిన రకాలు ఇవి:

లానోవార్ ఎల్వ్స్: ఖర్చు 1. బలం 1. తర్వాతి వంతు నుంచి అదనంగా ఒక మానా ఇస్తుంది.
జెయింట్ గ్రోత్: ఖర్చు 1. ఒక జీవి బలాన్ని, ఓర్పును ఆ వంతుకు మూడేసి పెంచుతుంది.
ప్రే అపాన్: ఖర్చు 1. మన జీవిని ఎదుటివాని జీవితో కలబడనిస్తుంది.
గ్రిజ్లీ బేర్స్: ఖర్చు 2. బలం 2, ఓర్పు 2.
రాంపంట్ గ్రోత్: ఖర్చు 2. కట్టలోనుంచి ఒక మామూలు భూమిని తెచ్చి పరుస్తుంది.
సెంటార్ కోర్సర్: ఖర్చు 3. బలం 3, ఓర్పు 3.
జెయింట్ స్పైడర్: ఖర్చు 4. బలం 2, ఓర్పు 4. ఎగిరే జీవులను కూడా అడ్డుకుంటుంది.
స్టాంపీడింగ్ రైనో: ఖర్చు 5. బలం 4, ఓర్పు 4. అడ్డు వచ్చినవానిని తొక్కుకుంటూ పోతుంది.
క్రా వర్మ్: ఖర్చు 6. బలం 6, ఓర్పు 4.

ఖర్చుల వరుసను చూడండి. ఒక మానావి 12, రెండువి 8, ఆపైన మూడు, నాలుగు, ఐదు, ఆరువి నాలుగేసి. మెట్లు కింద వెడల్పుగా, పైకి పోనుపోను ఇరుకుగా ఉన్నాయి. కొత్తవారు పెద్ద జీవుల మీద మోజుతో ఈ మెట్లను తలకిందులు చేస్తారు. అప్పుడు ఆరో వంతుకు భూమి పండేలోపల ప్రాణాంకాలు అయిపోతాయి. ఈ కట్టలో మొదటి వంతులో ఎల్వ్స్ దించితే, రెండో వంతుకే రెండు అడవులూ ఎల్వ్సూ కలిసి 3 మానాలు ఇస్తాయి. ఎదుటివాడు రెండు దగ్గరున్నప్పుడు మనం మూడు దగ్గరుంటాం.

ప్రే అపాన్, జెయింట్ స్పైడర్ కార్డులను దాడి కోసం పెట్టలేదు. వేరుశనగ చేలో నడుమ నడుమ కంది సాళ్ళు ఎందుకు వేస్తారు? వాన ముఖం చాటేస్తే కందైనా చేతికి వస్తుందని. అట్లాగే మన దాడి సాగని రోజు ఎదుటివాని జీవిని పడగొట్టే కార్డులు కొన్ని ఉండితీరాలి. చేనంతా కంది వేయరు, కంది లేకుండానూ ఉండరు.

6. కొనకముందు కాగితం

ఇంతవరకు ఒక్క పైసా ఖర్చు కాలేదు. ఇప్పుడూ కొనవద్దు. పాత రికార్డు పుస్తకాల వెనుక పుటలు కార్డు కొలతకు కత్తిరించి, కార్డు పేరు, ఖర్చు, పని రాసుకోండి. ప్లాస్టిక్ తొడుగులో ఏదైనా మామూలు కార్డు పెట్టి, దాని ముందు ఈ చీటీ దూర్చితే కలపడానికీ పంచడానికీ వీలుగా ఉంటుంది. దీనిని ప్రాక్సీ అంటారు. ఇట్లా కనీసం 10 ఆటలు ఆడి, ఒక నోటుబుక్కులో మూడే సంగతులు రాయాలి: ఏ కార్డు చేతిలోనే ఉండిపోయింది, ఏ కార్డు కోసం ఎదురుచూశాం, భూములు సరిపోయాయా లేదా. పది ఆటల్లో ఐదుసార్లు చేతిలో ఉండిపోయిన కార్డును కొట్టివేసి, మరొకటి రాసుకోవచ్చు. కాగితం మీద తప్పుకు ఖరీదు లేదు. అచ్చు కార్డులు కొనేది ఆ తర్వాతనే.

ఇక్కడ ఒక హెచ్చరిక. చీటీలు మిత్రుల మధ్య, ముందుగా చెప్పి ఆడేందుకే. సంస్థ నిర్వహించే పోటీలకు అవి చెల్లవు. అచ్చు కార్డులాగా నకలు తీసి అసలని అంటగట్టడం మోసం.

7. గదిలో ఒప్పందం

నిజం దాచకూడదు. పైన చెప్పిన కట్ట పెద్ద పోటీల కట్టల ముందు ఎక్కువసేపు నిలవదు. నేర్పు కొంతవరకే పూడ్చగలదు. మిగిలిన గుంతను పూడ్చవలసింది మన మిత్రమండలి.

ఆడేవారంతా కూర్చుని ఒక నియమం పెట్టుకోవచ్చు. కట్ట మొత్తం ఇన్ని రూపాయలు మించరాదనవచ్చు. లేదా అన్నీ కామన్ కార్డులే ఉండాలనవచ్చు. రెండవ పద్ధతికి పౌపర్ అని పేరు, అనగా పేదవాడు. ఎక్కడెక్కడో ఆటగాళ్ళు తమంతట తాము మొదలుపెట్టిన ఈ పద్ధతిని 2019లో సంస్థే అట్టకార్డుల ఆటకు అధికారికంగా గుర్తించింది. 4 ప్రతులే ఉండాలన్న నియమం కూడా మొదటి నుంచీ ఉన్నది కాదు. తొలిరోజుల్లో ఒకే బలమైన కార్డును ఎన్ని ప్రతులైనా పెట్టుకోనిచ్చేవారు. ఆట చెడుతున్నదని తెలిసి హద్దు గీశారు. గెలిచినవాడు ఓడినవాని కార్డు తీసుకునే పందెపు నియమం కూడా మొదట్లో ఉండి, తర్వాత పోయింది. ఆటను బతికించడానికి నియమం మార్చుకోవడం తప్పు కాదని ఆట చరిత్రే చెబుతున్నది.

ఒక హాస్టలు గదిలో ఆరుగురు ఆడుతున్నారనుకుందాం. ఒకరు ఖరీదైన కట్ట తెచ్చి ప్రతి ఆటా గెలుస్తుంటే, మొదట మానుకునేది ఎవరు? మెస్సు బిల్లుకు ఇంటినుంచి వచ్చే మనియార్డరు లెక్కపెట్టుకున్న ఇంటి బిడ్డలే. నేడు మనియార్డరు పోయి ఫోనులోనే డబ్బు వస్తున్నా, ఇంటి దగ్గర లెక్క మారలేదు. వారు "నాకు చదువుంది" అని మర్యాదగా లేచిపోతారు. కారణం ఎవరూ అడగరు. నెల తిరిగేసరికి ఖరీదైన కట్ట మిగులుతుంది, దానితో ఆడేవారు మిగలరు.

కాబట్టి సోదర సోదరీమణులారా, కట్ట కూర్చే ముందు గదిలో ఒక మాట అనుకోండి. హద్దు ఎంతో తేల్చుకోండి. ఆ హద్దులోపల లెక్క వేసి, కాగితం మీద ఆడి, ఆ తర్వాతనే కొనండి. మీ పెట్టెలో అక్కరలేక పడి ఉన్న కామన్ కార్డులను రాబోయే జూనియర్లకు ఇవ్వండి. నొస్సం బజారు కట్టలో ఉన్న సమత్వం మన గదిలోకి మళ్ళీ రావడానికి అంతకన్నా ఎక్కువ ఖర్చు లేదు.