దాచని లెక్కయే నమ్మకము

ఇస్లాము వడ్డీని నిషేధించుచున్నది. కావున 1975లో వెలసిన దుబాయి ఇస్లామిక్ బ్యాంకు, 1983లో మలేషియాలో వెలసిన బ్యాంక్ ఇస్లాం వంటివి వడ్డీకి అప్పీయవు. ‘మురాబహా’ పద్ధతిలో బ్యాంకు వస్తువును తాను కొని, అసలు ధరను, తన లాభమును వెల్లడించి, ఖాతాదారునకు వాయిదాలపై అమ్మును.

నేడీ బేరము ఇంటర్నెట్టుపైనను సాగుచున్నది. సందేహము తీర్చు గుమాస్తా ఎదుట లేడు. లాభమనునది వడ్డీకి మారుపేరు కాదా యను శంక పుట్టినచో ఖాతాదారుడు మరలిపోవును. కానుకలు అతనిని నిలుపజాలవు. అసలు ధర, లాభము, వాయిదా, ఈ మూడును అతడు సమ్మతించుటకు ముందే, అతనికి తెలిసిన భాషలో తెరపై కనబడవలెను. అర్థముగాని భాషలో చేసిన సంతకము ఎంత బరువో మనకు తెలియును. దాచని లెక్కయే ఖాతాదారుని తిరిగి రప్పించునని మేము తలంచెదము.