ఒకే ఇంటి మూడు దరఖాస్తులు

కహఫ్ సూరా 79వ ఆయత్‌లో ఒక పడవ ప్రస్తావన ఉంది. హజ్రత్ మూసా (అలై) ప్రయాణ వృత్తాంతంలో వచ్చే ఆ పడవ యజమానులు సముద్రం మీద పనిచేసుకొని బతికేవారు. చేతిలో పడవ ఉంది, చేసుకోవడానికి పని ఉంది. అయినా దివ్యఖుర్ఆన్ వారిని మిస్కీన్లు అనే పేర్కొంది. ఫకీర్, మిస్కీన్ అనే పదాల నిర్వచనంలో ఇమాముల మధ్య తేడాలున్నాయి గానీ, చాలీచాలని సంపాదన ఉన్నంత మాత్రాన మనిషి జకాత్‌కు అనర్హుడు కాడన్నది మాత్రం ఈ ఆయత్ వెలుగులో మన పెద్దలు చెబుతూ వచ్చిన మాటే.

ఇది ఎందుకు గుర్తుచేస్తున్నామంటే, దరఖాస్తుల పరిశీలనకు కూర్చున్న ప్రతిసారీ మా కమిటీలో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆమె పనికి వెళ్తోంది కదా, ఇంకా మనమెందుకు?"

గుంటూరులో మేం చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాం. భర్త చనిపోయి ఆరేళ్లు. ముగ్గురు పిల్లలు: పెద్దమ్మాయికి పదిహేడు, అబ్బాయికి పదహారు, చిన్నవాడికి పధ్నాలుగు. తల్లి మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. తీసిన కాయ తూకాన్ని బట్టి కూలి. గుంటూరులో మిర్చి సీజన్ ఎప్పుడో వేరే చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి ఎండాకాలం దాకా చేతినిండా పని. తర్వాత కోల్డ్ స్టోరేజీ సరుకు వచ్చినప్పుడే. ఇంటరు, పదో తరగతి పరీక్షలూ మార్చిలోనే. 2025లో రంజాన్ కూడా మార్చి 2న మొదలైంది. అంటే సహరీకి లేచి వంట చేసి, పిల్లల్ని పరీక్షలకు పంపి, ఉపవాసంతో మిర్చి ఘాటులో కూర్చొని, ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరాలి. కళ్లు కడుక్కున్నా మంట పోదు. ఆ నెలలో పని మానేస్తే మిగతా ఏడాది అప్పే.

మేం వెళ్లినరోజు ఫీజుల గురించే అడుగుతుందనుకున్నాం. ఆమె అడిగింది వేరు. "భాయ్, ముందు ఇంట్లో ఒక అడ్డగోడ వేయించండి. ఆడపిల్ల పెద్దదైంది, తమ్ముళ్లూ పెద్దవాళ్లయ్యారు. ఉన్నది ఒకటే గది."

మాకు నోట మాట రాలేదు. పదేళ్లు వచ్చేసరికి పిల్లల పడకలు వేరు చేయమన్న ప్రవక్త (స) బోధన మనకు తెలుసు. నూర్ సూరా 58, 59 ఆయత్‌లలో ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తర్వాత పిల్లలు అనుమతి అడిగి లోపలికి రావాలనీ, యుక్తవయసు వచ్చాక పెద్దల్లాగే ఎప్పుడూ అనుమతి అడగాలనీ ఉంది. జుమా బయాన్లలో వింటూనే ఉంటాం. కానీ అనుమతి అడగడానికి ముందు ఒక తలుపు ఉండాలి! ఈడొచ్చిన ముగ్గురు పిల్లల్ని ఒకే గదిలో పెంచుతున్న తల్లికి ఈ ఆయత్ అర్థం మనకంటే బాగా తెలుసు. రేకు గోడ, తలుపు వేయించాం. సొసైటీ పద్దుల్లో దాన్ని ఏ శీర్షిక కింద రాయాలో తెలియక 'ఇతర సహాయం' అని రాశాం.

మరొక చిక్కు ఉంది. మన దాతల్లో చాలామంది అనాథ పిల్లల పేరుతో ఇస్తారు. చిన్న పిల్లల ఫొటో చూస్తే మనసు కరుగుతుంది, సహజమే. యుక్తవయసు వచ్చిన తర్వాత యతీం అన్న స్థితి ఉండదన్న హదీసు ఉంది. దాన్ని పట్టుకొని చాలాచోట్ల అనాథల జాబితా నుంచి పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల పేర్లు తీసేస్తారు. కానీ నిసా సూరా 6వ ఆయత్ చూడండి. అనాథలు వివాహ వయసుకు చేరాక కూడా వారిలో వివేకం కనిపిస్తేనే ఆస్తి అప్పగించమంది. వయసు రాగానే సంరక్షకుడి బాధ్యత దానంతట అదే తీరిపోలేదు. పైగా యతీం అన్న పేరు పోయినా పేదరికం పోలేదు కదా. మిస్కీన్‌గా హక్కు అలాగే ఉంది. కాలేజీ ఫీజు, బస్సు పాసు, పెద్ద పిల్లల తిండి... ఖర్చు పెరిగే వయసులోనే మన చెయ్యి వెనక్కి పోతోంది.

ఇక మా తప్పు. మా సొసైటీలో ఒక నిబంధన ఉండేది: కుటుంబానికి ఒక్క స్కాలర్‌షిప్. ఎక్కువ కుటుంబాలకు అందాలన్న మంచి ఉద్దేశంతో పెట్టుకున్నదే. పిల్లల వయసుల మధ్య ఎడం ఉన్న ఇంట్లో అది పెద్దగా బాధించదు. ఏడాది, రెండేళ్ల తేడాతో ముగ్గురున్న ఇంట్లో మాత్రం ముగ్గురి అవసరమూ ఒకేసారి వస్తుంది. ఆమె మూడు దరఖాస్తులు తెచ్చింది. రెండు తిరిగి ఇచ్చేశాం. ఒకటి ఎంచుకోమన్నాం. ఆమె చాలాసేపు బెంచీ మీద కూర్చొని, చివరికి అబ్బాయిది ఇచ్చింది. పెద్దమ్మాయి ఇంటరు మొదటి ఏడాదితో ఆపేసి తల్లి వెంట తొడిమల పనికి వెళ్లింది.

హజ్రత్ నుమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన హదీసు మనందరికీ తెలిసిందే. ఆయన తండ్రి ఆయనకొక కానుక ఇస్తే, తల్లి అమ్రా బిన్తె రవాహా (రజి) దానికి దైవప్రవక్త (స)ను సాక్షిగా పెట్టమని పట్టుబట్టారు. పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు. లేదనగానే, అల్లాహ్‌కు భయపడి సంతానం మధ్య న్యాయం పాటించమన్నారు, అన్యాయానికి సాక్షిగా ఉండనన్నారు. ఈ హదీసును తల్లిదండ్రులకు చెప్పడానికే వాడుకుంటాం. ఆ రోజు మా ఆఫీసు బెంచీ మీద ఒక తల్లి చేత పిల్లల మధ్య తేడా చేయించింది మేమే. పైగా రసీదు మీద సాక్షి సంతకమూ మాదే.

ప్రభుత్వ పథకాల్లోనూ ఈ తేడా చూశాం. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి, పిల్లలు ఎందరున్నా తల్లికి ఒక్కరి లెక్కనే వచ్చేది. 2025 జూన్‌లో తల్లికి వందనం చదువుకునే ప్రతి బిడ్డకూ లెక్కగట్టి ఇచ్చారు. రాజకీయం మాకెందుకు గానీ, లెక్క మాత్రం రెండోదే సరైనది.

ఈ ఏడాది నుంచి మా నిబంధన మార్చాం. ఒక ఇంటి నుంచి ఎన్ని దరఖాస్తులొచ్చినా తీసుకుంటున్నాం. దానివల్ల నిధి తొందరగా అయిపోతోంది, దాచడమెందుకు. మీ జకాత్ ఎక్కువగా రంజాన్‌లో వస్తుంది, ఫీజులు జూన్‌లో కట్టాలి. జకాత్ ఆలస్యం చేయకుండా అర్హులకు చేర్చాల్సిందే కనుక దాన్ని దాచి ఉంచమని అడగం. సదఖాలో కొంత భాగం జూన్ నాటికి కేటాయిస్తే ఆ సమయానికి చేతిలో డబ్బు ఉంటుంది.

ఆ తల్లి మళ్లీ మూడు కాగితాలతో వచ్చింది. పెద్దమ్మాయి ఓపెన్ స్కూల్లో ఇంటరు పూర్తిచేస్తానంటోంది. ఈసారి అమ్మాయి దరఖాస్తు అన్నిటికంటే పైన పెట్టి ఇచ్చింది.