లారీ డ్రైవరుకు నిద్ర

దూర ప్రయాణాలు చేసే లారీ డ్రైవర్లు మా దగ్గరకు నడుము నొప్పి అని వస్తారు. నిద్ర సంగతి మేము అడిగితే గాని చెప్పరు. "టీ తాగి లాగించేస్తామండీ" అంటారు. టీ నిద్రను కాసేపు వాయిదా వేస్తుంది, అంతే. తెల్లవారుజామున 2 నుండి 5 గంటల మధ్య శరీరం నిద్ర కోరుతుంది. కళ్లు తెరిచి ఉన్నా కొన్ని సెకన్లు కునుకు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 4 సెకన్లంటే లారీ 65 మీటర్లు దాటిపోతుంది.

ఆవలింతలు మొదలైతే దాబా దగ్గరో, పెట్రోలు బంకులోనో బండి ఆపి 20 నిమిషాలు పడుకోవాలి. రోడ్డు పక్కన ఆపవద్దు. లేచాక కాసేపు నడిచి, మత్తు వదిలాకే స్టీరింగు పట్టుకోవాలి. మద్యంతో వచ్చేది ముక్కలు ముక్కల నిద్రే.

ఇంట్లో వారికి ఒక మాట. ఆయన గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ తీసుకుంటున్నారా? అలాంటివారు 8 గంటలు పడుకున్నా పగలు తూగుతారు. ఇది ఆయనకు తెలియదు, పక్కనున్న మీకే తెలుస్తుంది. దీనికి పరీక్ష ఉంది, చికిత్సా ఉంది. మొహమాటపడక ఆయనతో పాటు వచ్చి మీరే చెప్పండి.

ట్రిప్పు నుండి వచ్చిన రోజు పగలైనా సరే కిటికీలు మూసి, ఫోను పక్క గదిలో పెట్టి ఆయనను పడుకోనివ్వండి. కరెంటు బిల్లు, చుట్టాల పెళ్లి సంగతులు లేచాక చెప్పవచ్చు.